ఎనిమిది గడుల్లో పెద్ద గడి ఏది?

మా కొట్లో సీసీ కెమెరాలు బిగించిన రోజు సాయంత్రం, గల్లాపెట్టె పక్కన గోడకి 24 అంగుళాల మోనిటర్ తగిలించి, కుర్రాడు మౌసు నా చేతిలో పెట్టాడు. "ఎనిమిదీ వచ్చేశాయండీ. ఇక కూర్చుని చూస్కోవడమే" అన్నాడు. తెర మీద తొమ్మిది గడులు. ఎనిమిదింట్లో బొమ్మ, తొమ్మిదోది నల్లగా ఉంది. ఆ వారమంతా కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ నల్లగడి గురించే అడిగారు. మా అమ్మకైతే అందులో నేనేదో దాచానని అనుమానం. మిగతా ఎనిమిదీ ఆ వరసలోనే ఎందుకున్నాయని మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకూ తట్టలేదు. ఆ సంగతి తెలియడానికి నాకు ఏడు బస్తాల కందిపప్పు ఖర్చయింది.

మాది తెనాలిలో హోల్‌సేల్ కిరాణా. ముందు కొట్టు, వెనక గోదాం, మధ్యలో సన్నటి నడవా. మే నెలలో స్టాకు సరిచూసుకుంటే 50 కిలోల కందిపప్పు బస్తాలు ఏడు తగ్గాయి. గోదాం వెనక తలుపు మీద కెమెరా ఉంది. తెర మీద అది ఎనిమిదో గడి, కింద వరసలో, నల్లగడిని ఆనుకుని. అరచేయంత బొమ్మ. అందులో బస్తా అంటే అగ్గిపెట్టె ముక్క. పోనీ రికార్డింగు వెనక్కి తిప్పి చూద్దామంటే డిస్కులో ఐదారు రోజులదే మిగిలింది. బస్తాలు ఎప్పుడు పోయాయో, ఎవరు మోసుకెళ్ళారో ఇప్పటికీ తెలీదు. కెమెరా చూసే ఉంటుంది, నేనే చూడలేదు.

బిగించిన కుర్రాడి తప్పేం లేదు. డీవీఆర్ అంటే రికార్డు చేసే పెట్టె, దాని వెనక వరసగా సాకెట్లుంటాయి. కేబుళ్ళు లాగాక దగ్గరి కెమెరా వైరు ముందు చేతికందుతుంది, దాన్ని ఒకటో సాకెట్లో బిగిస్తారు. దూరపుది ఆఖరున వస్తుంది, ఆఖరి సాకెట్లోకి పోతుంది. తెర మీద గడులూ అదే వరసలో లేస్తాయి. అలా నా మోనిటర్ మీద ఒకటో గడి గల్లాపెట్టె, అంటే పైనుంచి కనబడే నా బట్టతల. రెండోది ఎదురుగా నిలబడ్డ బేరగాళ్ళు. మూడోది కాటా. ఈ మూడూ నేను కుర్చీలోంచి కదలకుండా కళ్ళారా చూస్తున్నవే. వెనక తలుపు 40 మీటర్ల అవతల ఉంది కాబట్టి తెర మీద కూడా అట్టడుక్కి పోయింది. నా కంటికి ఏది దూరమో దాన్నే తెర కూడా దూరం పెట్టింది. దానికోసం నేను వేలు పోసి కెమెరాలు పెట్టించుకోవాలా?

అందుకే ఈ అధ్యాయంలో మొదటి పని ఇది. కాగితం మీద మీ కొట్టు బొమ్మ గీయండి. మీరు రోజూ కూర్చునే చోట చుక్క పెట్టండి. ఆ చుక్క నుంచి కళ్ళకి కనిపించే చోట్లన్నీ కొట్టేయండి. మిగిలినవాటిలో సరుకో డబ్బో మనుషులో ఎక్కువ కదిలే చోటు ఏదో, దానికే పెద్ద గడి.

పెద్ద గడి పెట్టడం కష్టమేం కాదు. తెర మీద మౌసుతో కుడివైపు మీట నొక్కితే ఎన్ని గడులు కావాలో అడుగుతుంది. 4 అంటే నాలుగు సమానం, 9 అంటే తొమ్మిది సమానం. అసలు వాడాల్సినవి 6, 8 అన్నవి. చాలా రికార్డర్లలో 6 అంటే ఒకటి పెద్దది, చుట్టూ ఐదు చిన్నవి. 8 అంటే ఒకటి పెద్దది, పక్కనా కిందా ఏడు చిన్నవి. మామూలు 1920×1080 తెర మీద తొమ్మిది సమానంగా పంచితే ఒక్కో బొమ్మకి 640×360 చుక్కలు దక్కుతాయి. అదే తెరని 8 మీద పెడితే పెద్ద గడికి 1440×810 చుక్కలు వస్తాయి, అంటే వైశాల్యంలో ఐదు రెట్లు. చిన్నవి 480×270కి కుదించుకుపోతాయి, పోనీండి. నల్లగడి కూడా పోతుంది, మీ అమ్మగారికీ అనుమానం తీరుతుంది. ఇక గడుల చోట్లు మార్చాలంటే సాకెట్లు పీకనక్కర్లేదు. చాలా మోడళ్ళలో ఒక గడిని మౌసుతో పట్టుకుని ఇంకో గడి మీదకి లాగితే రెండూ చోట్లు మార్చుకుంటాయి. మెనూలో 'వ్యూ' అన్న చోట కూడా ఈ ఏర్పాటు ఉంటుంది. మార్చాక సేవ్ చేయడం మరిచిపోకండి, లేకపోతే కరెంటు పోయి వస్తే మళ్ళీ పాత వరసే లేస్తుంది.

చిన్న గడులకీ ఒక వరస కావాలి. మనిషి నడిచే దారిని బట్టి పెట్టుకోవడమే మంచిది. మా కొట్లో రోడ్డు, మెట్లు, గల్లా, నడవా, గోదాం, వెనక తలుపు అని పెట్టాను. ఒక మనిషి లోపలికొస్తే కళ్ళు గడి నుంచి గడికి వాడి వెంటే పోతాయి. ఇందులో ఒక చిక్కుంది. ఒక కెమెరా తూర్పు నుంచీ ఇంకోటి పడమటి నుంచీ చూస్తుంటే, మొదటి గడిలో ఎడమవైపు మాయమైనవాడు రెండో గడిలో మళ్ళీ ఎడమ నుంచే ప్రత్యక్షమవుతాడు. బుర్ర ఒక్క క్షణం తడబడుతుంది. కెమెరాలు కొత్తగా పెట్టించుకునేవాళ్ళు అన్నీ ఒకే దిక్కు నుంచి చూసేలా గోడ ఎంచుకుంటే ఈ బాధ ఉండదు. మాకు ఆ తెలివి ముందు రాలేదు.

కూర్చుని చూస్తే కనబడదు

"ఇక కూర్చుని చూస్కోవడమే" అన్నాడే ఆ కుర్రాడు, ఆ మాటే ఎవరికీ సాధ్యం కాదు. 1948లో నార్మన్ మాక్‌వర్త్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, రాడార్ తెరల ముందు కూర్చునేవాళ్ళు ఎందుకు పొరబడుతున్నారో తేల్చడానికి ఒక గడియారం తయారు చేశాడు. దాని ముల్లు ఒక్కో అడుగూ గెంతుతూ పోతుంది, ఎప్పుడో ఒకసారి రెండడుగులు ఒకేసారి గెంతుతుంది. ఆ రెండడుగుల గెంతు కనబడగానే మీట నొక్కాలి. మొదటి అరగంట దాటేసరికే జనం గెంతులు వదిలేయడం మొదలుపెట్టారు. శిక్షణ ఉన్నవాళ్ళు, అదే పనిగా కూర్చున్నవాళ్ళు, ఒక్క ముల్లు. మనం మధ్యలో చిల్లర ఇస్తూ, ఫోను ఎత్తుతూ, ఎనిమిది గడులు చూస్తామంటున్నాం.

ఇంకోటి చాలామంది వినే ఉంటారు. 1999లో హార్వర్డ్‌లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రిస్ ఒక వీడియో చూపించి, తెల్ల చొక్కాలవాళ్ళు బంతి ఎన్నిసార్లు విసురుకున్నారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి తాపీగా నడిచొచ్చి, గుండెలు బాదుకుని వెళ్ళిపోయింది. చూసినవాళ్ళలో సుమారు సగం మందికి గొరిల్లా కనబడనే లేదు. వాళ్ళ ముందున్నది ఒకే బొమ్మ. నా ఏడు బస్తాలు ఏ మధ్యాహ్నమో నా కళ్ళ ముందే, నేను నోట్లు లెక్కపెడుతుండగా పోయి ఉంటాయని ఇది చదివాక గట్టిగా అనిపించింది.

కాబట్టి రోజంతా చూడాలన్న పట్టుదల వదిలేయండి. నేను రోజుకి ఐదుసార్లు, రెండేసి నిమిషాలు చూస్తాను: షట్టరు ఎత్తగానే, లారీ దిగుమతి మొదలైనప్పుడు, హమాలీలు భోజనాలకి లేచినప్పుడు, దీపాలు పెట్టే వేళకి, మూసేముందు. ఆ రెండు నిమిషాలూ చేతిలో ఇంకో పని ఉండదు. ఒక్కో గడినీ రెండుసార్లు నొక్కి తెరనిండా పెద్దది చేసుకుని, పది సెకన్లు చూసి, తర్వాతదానికి పోతాను. మిగతా వేళల్లో పెద్ద గడి దానంతటదే కంటిచూపులో ఉంటుంది, కదలిక తెలుస్తుంది.

ఇలా ఒక్కోటే చూడటం నాతో మొదలవలేదు. న్యూయార్క్‌లో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు ఉండేది. వాళ్ళ పేటలో పిలిస్తే పోలీసులు త్వరగా వచ్చేవాళ్ళు కాదు, ఆమెకీ భర్తకీ పనివేళలు వేరు, ఒక్కోసారి రాత్రి ఒంటరిగా ఉండాల్సొచ్చేది. 1966లో ఇద్దరూ కలిసి ఇంటి భద్రతకి ఒక ఏర్పాటు కనిపెట్టి పేటెంటుకి పెట్టారు, 1969 డిసెంబరులో అది వచ్చింది. తలుపుకి వేర్వేరు ఎత్తుల్లో నాలుగు కన్నాలు, వాటి వెనక పైకీ కిందకీ జరిగే ఒకే కెమెరా, పడగ్గదిలో ఒక మోనిటర్. ఆమె ఒకసారికి ఒక కన్నమే చూసేది. గతిలేక అలా చేసుకుందని చదివినప్పుడు అనుకున్నాను. ఇప్పుడు నేను చేస్తున్నదీ అదే.

గడులు వాటంతటవే మారేలా 'టూర్' అని ఒక సదుపాయం ఉంటుంది, ఐదు సెకన్లకో బొమ్మ వస్తుంది. నాకది నచ్చదు. మనం తలెత్తినప్పుడు కావలసిన బొమ్మ ఎప్పుడూ అప్పుడే వెళ్ళిపోయి ఉంటుంది.

ముఖం ఎవరిదో తెలియాలంటే

చిన్న గడిలో మనిషి కనబడతాడు, ఎవరో తెలియదు. ఇది ఊరికే అనే మాట కాదు, దీనికి లెక్క ఉంది. నిఘా కెమెరాలకి అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, 62676 అన్న నంబరుతో. దాని 2014 కూర్పు ప్రకారం కొత్త మనిషిని ఫలానా అని గుర్తుపట్టాలంటే బొమ్మలో ప్రతి మీటరు వెడల్పుకీ 250 చుక్కలుండాలి. తెలిసిన మనిషని పోల్చుకోవడానికి 125 చాలు. బట్టలు, వాలకం తెలియడానికి సుమారు 62. ఊరికే ఎవరో ఉన్నారని తెలియడానికి 25.

ఇప్పుడు మామూలు 2 మెగాపిక్సెల్ కెమెరా తీసుకోండి, అడ్డంగా 1920 చుక్కలు. అది ఏడున్నర మీటర్ల వెడల్పు చోటు చూస్తుంటే మీటరుకి 250 పైచిలుకు పడతాయి. రికార్డింగులో ముఖం తేలుతుంది. అదే బొమ్మని తెర మీద 480 చుక్కల చిన్న గడిలో పెడితే మీటరుకి 64. ఎర్ర చొక్కా, చేతిలో సంచి, అంతే. తెలిసినవాడో కాదో కూడా చెప్పలేం. పోలీసుస్టేషనులో "మోనిటర్లో స్పష్టంగా చూశానండీ" అని చెప్పే ముందు ఇది గుర్తు పెట్టుకోవాలి. మనం చూసింది వాలకమే, ముఖం డిస్కులో ఉంటుంది. ఇక కెమెరా మొత్తం వీధిని, అంటే 20 మీటర్లని చూస్తుంటే డిస్కులో కూడా మీటరుకి 96 చుక్కలే. ఎంత పెద్దది చేసినా ముఖం రాదు. అందుకే గుమ్మానికి ఒక కెమెరా దగ్గరగా, ఇరుగ్గా పెట్టి తీరాలి.

ఇంకో చిన్న సంగతి, చాలా కొట్లలో కనిపిస్తుంది: బొమ్మలో మనుషులు పొట్టిగా, లావుగా సాగి ఉంటారు. డీవీఆర్ నుంచి తెరకి వెళ్ళే కొలత మొదట పెట్టిన 1280×1024 దగ్గరే ఉండిపోయి, తెర మాత్రం వెడల్పాటిదయినప్పుడు ఇలా కావచ్చు. మెనూలో 'డిస్‌ప్లే'లోకి వెళ్ళి 1920×1080 పెట్టండి. 4కే టీవీ ఉండి, రికార్డరు కూడా హెచ్‌డీఎంఐలో 4కే ఇవ్వగలిగితే ఇంకా మేలు: నాలుగు గడులు పెట్టినా ప్రతిదానికీ పూర్తి 1920×1080 దక్కుతుంది.

డిస్కు లెక్క కొట్టువాళ్ళందరూ చేసుకోవాలి, నేను చేసుకోలేదు. కెమెరాకి సెకనుకి 2 మెగాబిట్లు అనుకుంటే రోజుకి 21.6 జీబీ. ఎనిమిదింటికి సుమారు 173 జీబీ. నాకు అంటగట్టింది 1 టీబీ, కాబట్టి ఆరు రోజులు కూడా పూర్తిగా రాదు. నెలకి 5 టీబీ పైనే కావాలి, అంటే 6 టీబీ డిస్కు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రజాభద్రత చట్టం కూడా జనం ఎక్కువగా చేరే చోట్ల కెమెరాలు పెట్టి, రికార్డింగు 30 రోజులు ఉంచాలంటుంది. కల్యాణమండపం, హోటలు, పెద్ద బట్టల కొట్టు నడిపేవాళ్ళకి ఇది వర్తించే సంగతి. స్టాకు నెలకోసారి చూసుకునేవాడికి చట్టం చెప్పకపోయినా 30 రోజులు కావాలి, ఇది నా కందిపప్పు చెప్పిన మాట. గోదాంలాంటి చోట కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెట్టుకుంటే చాలా కలిసొస్తుంది. కానీ రాత్రిపూట కెమెరా చుట్టూ పురుగులు చేరతాయి, వాటికోసం సాలీడు గూడు కడుతుంది, గూడు ఊగితే కదలికే. వారానికోసారి చీపురు తిప్పాలి.

పాత కెమెరాలు డీవీఆర్‌లో, కొత్తగా పెట్టిన ఐపీ (నెట్‌వర్కు) కెమెరాలు వాటి రికార్డరు ఎన్‌వీఆర్‌లో, రెండు పెట్టెలు ఒకే తెర మీదకి రావాలంటే? సులువైన దారి: టీవీకి రెండు హెచ్‌డీఎంఐ రంధ్రాలుంటాయి, చెరో పెట్టె బిగించి రిమోటుతో మార్చుకోండి. అన్నీ కలిపే కావాలంటే, పాత వైర్లనీ ఐపీ కెమెరాలనీ రెండింటినీ ఒప్పుకునే రికార్డరు కొనాలి. వేర్వేరు కంపెనీల ఐపీ కెమెరాలయితే డబ్బా మీద 'ఓన్విఫ్' అని ఉందో లేదో చూడండి. 2008లో యాక్సిస్, బాష్, సోనీ కలిసి మొదలుపెట్టిన ఉమ్మడి భాష అది. అన్నిటినీ ఒక కంప్యూటర్లో పోసి చూద్దామనుకునేవాళ్ళు చిన్న గడులకి 'సబ్ స్ట్రీమ్', అంటే కెమెరా విడిగా పంపే చిన్న సైజు బొమ్మ, పెట్టుకోండి. పదహారు బొమ్మలూ పూర్తి సైజులో విప్పమంటే పాత కంప్యూటర్ ఫ్యాను ఈలలు వేస్తుంది. యూపీఎస్ కొంటే డీవీఆర్‌కి ఒక్కదానికే పెట్టి ఊరుకోకండి. కెమెరాలకి కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్ పెట్టె, రౌటరు కూడా దాని మీదే ఉండాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు పెట్టె మాత్రం మేలుకుని ఎనిమిది నల్లగడులు రికార్డు చేస్తుంది.

ఎవరు ఎవర్ని చూస్తున్నారు

మోనిటర్ బేరగాళ్ళకి కనబడేలా పెట్టమని కొందరంటారు, దొంగకి భయం ఉంటుందని. వీధివైపు ఒక్క గుమ్మం బొమ్మ పెట్టండి, సరిపోతుంది. గోదాంలో ఎవరున్నారో, గల్లా ఎప్పుడు ఖాళీగా ఉంటుందో ఊరందరికీ చూపించడం ఎందుకు? నా తెర ఇప్పుడు గల్లా బల్లకి లోపలివైపు, కూర్చున్న నా కంటి మట్టానికి కొంచెం కింద ఉంది. ట్యూబులైటు దాని మీద పడదు.

కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు అలాగే ఉంచేవాళ్ళ తెర ఊరికే కాదు, లోకానికే కనబడొచ్చు. 2016 అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి ఆగిపోయాయి. ఆ దాడికి వాడుకున్నవి పాస్‌వర్డు మార్చని డీవీఆర్లు, కెమెరాలు, రౌటర్లు. 2025లో రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరా దృశ్యాలు బయటికి పొక్కాయి. అక్కడ ఉన్న పాస్‌వర్డు అడ్మిన్123. బిగించిన కుర్రాడు వెళ్ళగానే, ఆ సాయంత్రమే మార్చండి. అతని మీద అనుమానంతో కాదు, అతను ఊళ్ళో అందరికీ అదే పెడతాడు కాబట్టి.

ఫోను కూడా ఒక మోనిటరే. మా పిన్ని కొడుకు డాలస్‌లో ఉంటాడు, పిన్ని ఊళ్ళో ఒక్కతే. వాడు నాలుగు కెమెరాలు పెట్టించాడు, ఫోన్లో నాలుగు గడులు. ఇక్కడ రాత్రయితే వాడికి పగలు, పనిచేసుకుంటూ అమ్మ ఇంటికి కాపలా. సాంకేతికంగా అంతా బాగుంది. సబ్ స్ట్రీమ్‌లో కెమెరాకి అర మెగాబిట్, నాలుగింటికి 2 మెగాబిట్ల అప్‌లోడ్ ఉంటే సాఫీగా వస్తుంది. నెల తర్వాత పిన్ని కుర్చీ వరండాలోంచి వంటింటి మూలకి మారింది. అడిగితే, "తల దువ్వుకోకుండా వరండాలోకి రాలేకపోతున్నాన్రా, వాడు చూస్తాడని" అంది. ఇప్పుడు గేటు, పెరడు, మేడమెట్లు మాత్రమే ఉన్నాయి. నాలుగో కెమెరా డబ్బాలో ఉంది. పొరుగువాళ్ళ గుమ్మం బొమ్మలో పడుతుంటే 'ప్రైవసీ మాస్క్' అని మెనూలో ఉంటుంది, ఆ మేర నల్లగా కప్పేయండి.

గడులన్నీ సర్దుకున్నాక ఒక ఆదివారం, కొట్టు మూసి ఉన్నప్పుడు, ఒక పరీక్ష పెట్టుకోండి. ఒక మనిషిని రోడ్డు నుంచి వెనక తలుపు దాకా తన ఇష్టమొచ్చినట్టు తిరిగి రమ్మనండి. మీరు తెర ముందు గడియారం పట్టుకుని కూర్చుని, ఏ గడిలోంచి ఏ గడిలోకి వెళ్ళాడో, మధ్యలో ఎన్ని సెకన్లు కనబడకుండా పోయాడో రాసుకోండి. మా గుమాస్తా భుజాన ఎర్ర తువ్వాలు వేసుకుని బయల్దేరాడు. మెట్లు, గల్లా, నడవా, అన్నీ వరసగా వచ్చాయి. నడవా దాటాక గోదాం గడిలో రావాలి, రాలేదు. 40 సెకన్లు. నూనె డబ్బాలు పేర్చిన చోట మాయమై, ఆ తర్వాత తేలాడు.

"అక్కడేం చేశావురా అంతసేపు?" అన్నాను.

"ఏం లేదండీ, రోజూ ఆగే చోటే. ఫ్యాను గాలి అక్కడే తగులుద్ది. కాస్త చెమట తుడుచుకున్నా."

అక్కడ తొమ్మిదో కెమెరా పెట్టించలేదు. నూనె డబ్బాలు మాత్రం ఒక వరస తగ్గించి పేర్చాం.